డబ్ల్యూడీఎస్-6 షంటింగ్ ఇంజను: హార్స్‌పవర్ తర్వాత, ముందు బరువు చూడండి

మీరు అడిగినవి మూడు. మీ థర్మల్ ప్లాంటు సైడింగ్‌కి (ప్లాంటు లోపలి సొంత పట్టాల లైనుకి) వ్యాగన్లు అటూ ఇటూ జరిపే పాత డబ్ల్యూడీఎస్-6 షంటింగ్ ఇంజను ఒకటి బేరానికి వచ్చింది, 1,350 హెచ్‌పీ బండి 58 వ్యాగన్ల బొగ్గు రేకును, అంటే ఒకదానికొకటి తగిలించిన ఆ వ్యాగన్ల వరస మొత్తాన్ని, లాగుతుందా? చూడటానికి వెళ్ళినప్పుడు నల్లగా పొగ కక్కింది, భయపడాలా? డ్రైవర్లేమో రాత్రంతా ఇంజను ఆపొద్దంటున్నారు, నిజంగా అంత అవసరమా?

డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్ళ పాటు అమెరికా ఆల్కో కంపెనీ డిజైను ఇంజన్ల చుట్టూనే తిరిగాను. రిటైరయ్యాక సిమెంటు, పవర్ ప్లాంటు సైడింగుల వాళ్ళు పిలిస్తే వెళ్ళి చూసి వస్తుంటాను. వెళ్ళిన ప్రతి చోటా మొదట అడిగేది "ఎన్ని హార్స్‌పవర్ సార్?" అనే. ఆ ప్రశ్న లారీకి పనికొస్తుంది, షంటింగ్ ఇంజనుకి కాదు. మీరు డబ్బు పెట్టేది 126 టన్నుల బరువు మీద. లాగేది ఆ బరువే. హార్స్‌పవర్ చెప్పేది ఎంత వేగంగా లాగుతుందని మాత్రమే.

లెక్క వేసి చూపిస్తాను. ఇనుప చక్రం, ఇనుప పట్టా. పొడిగా ఉన్న పట్టా మీద బరువులో నాలుగో వంతు దాకా పట్టు దొరుకుతుందని అనుకుందాం. 126 టన్నుల్లో పావు వంతు అంటే 31.5 టన్నుల లాగుడు. అంతకు మించి లాగాలని చూస్తే చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. చక్రాల ముందు పట్టా మీద ఇసుక బాగా పడితే 35 దాకా వస్తుంది. బొగ్గు పొడి, వాన చినుకులు కలిసి పట్టా మీద నల్లటి జావలా తయారైన రోజున 19 వచ్చినా గొప్పే. మీది బొగ్గు సైడింగు కాబట్టి ఈ చివరి అంకె గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు హార్స్‌పవర్ సంగతి. కంప్రెసర్, రేడియేటర్ ఫ్యాను, బ్లోయర్లు తినేది తీసేసి, కరెంటు పుట్టించే జనరేటర్లో, ఆ కరెంటుతో చక్రాలు తిప్పే మోటార్లలో పోయేది కూడా తీసేస్తే చక్రం దగ్గర సుమారు 1,000 హెచ్‌పీ మిగిలిందనుకుందాం. 270ని వెయ్యితో గుణించి వేగంతో భాగిస్తే కిలోల్లో లాగుడు వస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల దగ్గర 27 టన్నులు, 20 దగ్గర పదమూడున్నర, 30 దగ్గర 9. అంటే గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్ల లోపు మిమ్మల్ని ఆపేది పట్టే తప్ప ఇంజను శక్తి కాదు. షంటింగ్‌కి రూలు ప్రకారం ఉన్న గరిష్ఠ వేగమే గంటకు 15 కిలోమీటర్లు. ఆ వేగంలో 2,600 హెచ్‌పీ పెద్దింజను తెచ్చినా మీ రేకు కదిలే తీరులో పెద్ద తేడా కనిపించదు, డీజిలు బిల్లులో మాత్రం కనిపిస్తుంది.

చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారంలో కట్టిన డబ్ల్యూడీఎస్-4 మీరు చూసే ఉంటారు. మూడు ఇరుసుల చిన్న బండి, 700 హెచ్‌పీ, రైల్వే ఇంజనీరు ఎం.ఎం. సూరి రూపొందించిన హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్, అంటే ఇంజను శక్తిని నూనె ద్వారా చక్రాలకి చేర్చే ఏర్పాటు. ముచ్చటైన బండి. కానీ బరువు 60 టన్నులే, అంటే లాగుడు 15 టన్నులు. ఖాళీ రేకులకి హాయిగా సరిపోతుంది. లోడు రేకు మొత్తం తగిలిస్తే చేతులెత్తేస్తుంది. మన పెద్ద ప్లాంటుల్లో డబ్ల్యూడీఎస్-6 రకం అంతగా పాతుకుపోవడానికి ఈ తేడాయే కారణం.

ఇక మీ రేకు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగను పాత లెక్కన నిండుగా 81.28 టన్నులు. 58 వ్యాగన్లకి 4,714 టన్నులు. ఇప్పుడు వ్యాగనుకి వేసే బొగ్గు పెరిగింది కాబట్టి 5,000 దాటినా ఆశ్చర్యం లేదు, మీ ఆర్‌ఆర్ (రైల్వే రసీదు) చూసుకోండి. చాలాసేపు నిలబడ్డ రేకును కదిలించడానికి నేను టన్నుకి 5 కిలోల చొప్పున పట్టుకుంటాను. సమతలం మీద 4,714 టన్నులకి సుమారు 23.6 టన్నుల లాగుడు కావాలి. మన దగ్గర 31.5 ఉంది. కదులుతుంది, దిగులు లేదు.

కానీ మీ సైడింగు సమతలమా? ఎవరూ చెప్పరు, అడిగినా "కొంచెం ఎత్తు సార్" అంటారు. ఆ కొంచెమే కొంప ముంచుతుంది. 400కి 1 ఎత్తు ఉందంటే టన్నుకి రెండున్నర కిలోలు అదనం. అప్పుడు ఇంజను బరువు కలపకుండానే 35 టన్నుల పైన కావాలి, ఇసుక బాగా పడిన పొడి రోజున కూడా అనుమానమే. 200కి 1 ఉంటే టన్నుకి మొత్తం పది కిలోలు. 31.5 టన్నులతో వచ్చేది ఇంజను బరువుతో కలిపి 3,150 టన్నులు, అంటే 37 వ్యాగన్లు. 100కి 1 అయితే 24 వ్యాగన్ల దగ్గర ఆగిపోతారు. వంపులకి వేరే లెక్క: వంపు డిగ్రీకి టన్నుకి 0.4 కిలో, ఆ వంపు మీద ఉన్న వ్యాగన్ల వరకు. 6 డిగ్రీల వంపులో సగం రేకు ఉండగా ఆగి మళ్ళీ కదలాల్సి వస్తే ఇంకో ఐదారు టన్నులు కలుపుకోండి.

కాబట్టి బండి చూడటానికి మళ్ళీ వెళ్ళే ముందు మీ సివిల్ వాళ్ళ దగ్గర సైడింగు లాంగిట్యూడినల్ సెక్షన్ డ్రాయింగు (పట్టా పొడవునా ఎత్తుపల్లాలు చూపేది) తీయించండి. రేకు ఎక్కడ ఆగి ఎక్కడ కదులుతుందో దాని మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నా అనుభవంలో ఈ ఒక్క కాగితం చూసి రెండు ప్లాంటులు బేరం మానుకున్నాయి. ఇంకో ప్లాంటు ఇంజను కొని, రేకును రెండు ముక్కలుగా లాగే పద్ధతి పెట్టుకుని సుఖంగా ఉంది.

బండి పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే స్పేర్ల సంగతి అక్కడే తేలుతుంది. పేరులో డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్. వారణాసిలోని డీఎల్‌డబ్ల్యూ (డీజిల్ లోకోమోటివ్ వర్క్స్) 1970ల మధ్యలో ఈ మోడల్‌ని తయారు చేసింది. లోపల ఉన్నది ఆల్కో 251 ఇంజను, వరసగా ఆరు సిలిండర్లు, ఒక్కోటి 9 అంగుళాల వెడల్పు, పదిన్నర అంగుళాల స్ట్రోకు. మీటర్ గేజి వైడీఎం-4లో ఉన్నదీ ఇదే ఆరు సిలిండర్ల కుటుంబం. గుంతకల్లు, గుంటూరు వైపు మీటర్ గేజి రోజుల్లో ప్రయాణించినవాళ్ళు కళ్ళు మూసుకుని ఈ చప్పుడు గుర్తుపడతారు. అమెరికాలో ఆల్కో కంపెనీ 1969లోనే రైలింజన్లు కట్టడం మానేసింది. వాళ్ళు వదిలేసిన ఇంజనును మనవాళ్ళు వారణాసిలో దశాబ్దాల పాటు కడుతూనే ఉన్నారు. అందుకే పిస్టను, లైనరు, హెడ్డు లాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. నకిలీలూ దొరుకుతాయి, జాగ్రత్త.

అమెరికాలో షంటింగ్ ఇంజన్లు ఎక్కువగా నాలుగు ఇరుసులవే. మనది ఆరు ఇరుసులు. 126ని ఆరుతో భాగిస్తే ఇరుసుకి 21 టన్నులు, మన పట్టాలు మోయగలిగిన లెక్క. దీనికి మీరు చెల్లించే మూల్యం వంపుల దగ్గర. బ్రాడ్ గేజిలో 10 డిగ్రీల వంపు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం, హద్దు. పాత ప్లాంటుల్లో మూలమూలకీ పట్టా వేసుకుంటూ పోయి అంతకన్నా బిగువుగా తిప్పిన చోట్లు చూశాను. అలాంటి చోట మూడిరుసుల బోగీ చక్రాల ఫ్లాంజి (పట్టా లోపలి అంచుకి ఆనే చక్రం గట్టు) ఉలితో చెక్కినట్టు అరిగిపోతుంది.

ఇక పొగ. నాచ్ (యాక్సిలరేటర్ మెట్టు) పెంచిన కాసేపు నల్లటి పొగ రావడం ఈ ఇంజనుకి సహజం. డీజిలు వెంటనే పెరుగుతుంది, టర్బో (పొగ తోపుతో తిరిగే గాలి పంపు) వేగం పుంజుకుని గాలి అందించడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ తర్వాత పొగ పలచబడాలి. లోడు మీద నిలకడగా ఉన్నప్పుడు కూడా అదే నలుపు వస్తుంటే ఎయిర్ ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, టర్బో, ఈ వరసలో చూడండి. నీలం పొగ ఆయిలు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నీళ్ళు, అప్పుడు బేరం ఆపేయండి.

పొగ చూసి ఇంజనుని తిట్టిన ఒక సంగతి చెబుతాను. సముద్రం వైపున్న ఒక ప్లాంటు, పేరు వద్దు. వానాకాలం, అర్ధరాత్రి ఫోను. "ఇంజను పోయింది సార్, పొగ తప్ప కదలిక లేదు, డెమరేజీ (వ్యాగన్ల ఆలస్యపు జరిమానా) పడుతోంది." పొద్దున్నే వెళ్ళాను. డ్రైవరు నా ముందే నాచ్ ఆరు దాకా తీశాడు. మోటార్లు తాగే కరెంటు చూపే లోడ్ మీటరు ముల్లు ఎర్ర గీత వైపు లేచింది, వీల్ స్లిప్ దీపం వెలిగింది, చక్రాలు కీచుమంటూ అక్కడే తిరిగాయి. దిగి చూస్తే పట్టా మీద అరచేతంత నీలంగా కాలిన గుంటలు, రాత్రంతా ఇదే పని జరిగిందన్నమాట. ఇంజను పక్కన పెట్టి రేకు వెంట వెనక్కి నడిచాను. నలభై వ్యాగన్లు దాటాక ఒక చక్రానికి బ్రేకు దిమ్మ అంటుకుని కనిపించింది. వరసగా మూడు వ్యాగన్లకి హ్యాండ్ బ్రేకులు బిగించే ఉన్నాయి. వాటికి తోడు ఇసుక పెట్టెలో ఇసుక తడిసి ముద్దయింది, గొట్టంలోంచి గింజ కూడా రాలటం లేదు. బ్రేకులు వదిలించి, ఇసుక మార్చాక నాలుగో నాచ్‌లోనే రేకు కదిలింది. వ్యాగన్ల బ్రేకులు చూసుకోవాల్సిన పాయింట్స్‌మన్ తల దించుకున్నాడు, నేనేమీ అనలేదు. రాత్రి డ్యూటీలో ఒక్కడితో 58 వ్యాగన్లు చూడమన్నది వాడు కాదు కదా.

అందుకే ఇసుక గురించి నా చాదస్తం. జల్లెడ పట్టి, ఇనుప పెనం మీద వేయించి, పొడిగా పెట్టెలో పోయాలి. ఎనిమిది గొట్టాలు ఉంటే ఎనిమిదింటా పడుతోందా అని షిఫ్టు మారినప్పుడల్లా చూడాలి. 126 టన్నుల బండి కొని బస్తా ఇసుక దగ్గర పీనాసితనం చేసేవాళ్ళని చాలామందిని చూశాను.

మోటార్ల విషయంలో ఒక హెచ్చరిక. ఇవి డీసీ మోటార్లు. నత్తనడకలో ఎక్కువ కరెంటు తాగుతాయి, అదే సమయంలో చల్లారే అవకాశం తక్కువ. లోడ్ మీటరు మీద రంగు గీతలు అలంకారానికి వేసినవి కావు, ఏ కరెంటు దగ్గర ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెప్పేవి. రామగుండంలో సింగరేణి బొగ్గు మోసే ఎంజీఆర్ (మెర్రీ గో రౌండ్, గనికీ ప్లాంటుకీ మధ్య రేకులు తిరుగుతుండే సొంత లైను) లాంటి లైన్లలో పట్టాల కింద బొగ్గు పడే గుంట, అంటే హాపర్, మీదుగా రేకును మెల్లగా పాకించాల్సి వస్తుంది. మీ దగ్గర కూడా ట్రాక్ హాపర్ ఉంటే, నెమ్మదిగా నడిపే కంట్రోలు ఆ బండికి ఉందో లేదో ముందే అడగండి. వ్యాగనుని తిరగేసి బొగ్గు కుమ్మరించే టిప్లర్ అయితే ఆ బాధ తక్కువ, వ్యాగన్లని లోపలికి తోసేది చార్జర్ అనే యంత్రమే.

బ్రేకుల దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. పాత బండ్లలో రేకుకి వ్యాక్యూమ్ బ్రేకు ఉండేది. ఇప్పుడు వ్యాగన్లన్నీ ఎయిర్ బ్రేకువే. మీకు చూపించిన ఇంజనులో ఎయిర్ బ్రేకు అమర్చారా, బ్రేకు పైపులో 5 కిలోలు, ఫీడ్ పైపులో 6 కిలోలు నిలబడుతున్నాయా అని గేజి చూసి రాసుకోండి. ప్లాంటుల్లో తొందరలో గొట్టాలు కలపకుండా, ఇంజను బ్రేకు ఒక్కదాని మీదే లోడు రేకును నడిపేస్తుంటారు. 4,700 టన్నులు వెనక నుంచి తోస్తుంటే 126 టన్నుల బండి బ్రేకు ఏ మూలకి? దిగుడు ఉన్న సైడింగులో అలా వెళ్ళి డెడ్ ఎండ్ దిమ్మెని దాటి మట్టిలో దిగిన ఇంజనుని క్రేనుతో ఎత్తించిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అదృష్టం.

ఇక ఐడిలింగ్, అంటే పని లేకుండా ఇంజనుని ఊరికే నడిపి ఉంచడం. డ్రైవర్లు ఆపొద్దంటున్నారంటే నాకు వినిపించేది ఒక్కటే: బ్యాటరీలు పోయాయి. ఈ బండి బ్యాటరీ 64 వోల్టులు, స్టార్టింగ్‌కి మెయిన్ జనరేటర్నే మోటారులా తిప్పి ఇంజనుని లేపుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే లేవదు, మరుసటి రోజు మాట పడేది డ్రైవరు. అందుకని వాడు ఆపడు. చలిదేశాల్లో రాత్రంతా నడిపి ఉంచడానికి నిజమైన కారణం ఉంది, ఆపితే ఇంజనులోని నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగిలిపోతుంది. పెద్దపల్లిలోనో, ఎర్రగుంట్లలోనో డిసెంబరు చలికి ఆ ముప్పు లేదు.

నడిపి ఉంచడం వల్ల డీజిలు ఒక్కటే పోతుందనుకోకండి. ఖాళీగా నడిచే ఇంజను సరిగ్గా వేడెక్కదు. కాలని డీజిలు లైనర్ల మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పలచబడుతుంది, బేరింగులకి అదే విషం. టర్బో సీలు దగ్గర ఆయిలు ఊరి చిమ్నీలో చేరుతుంది. పొద్దున్న ఒక్కసారిగా లోడు మీద పెడితే చిమ్నీలోంచి నిప్పురవ్వలు, పక్కన బొగ్గు కుప్ప! నా పద్ధతి ఏమిటంటే గంటకు మించి పని లేదని తెలిస్తే ఆపేయడమే. ఆపే ముందు మాత్రం ఐదు పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టర్బోని చల్లారనివ్వాలి. ఒక రాత్రికి ఎంత డీజిలు పోతోందో ట్యాంకు గేజి సాయంత్రం ఒకసారి, పొద్దున్న ఒకసారి చూసి రాయించండి. వారం లెక్క మీ మేనేజర్ ముందు పెడితే కొత్త బ్యాటరీలకి సంతకం ఆ రోజే పడుతుంది.

రాత్రంతా ఆపి ఉంచిన ఇంజనుని పొద్దున్నే నేరుగా స్టార్ట్ కొట్టొద్దు. సిలిండర్ల టెస్ట్ కాక్‌లు (చిన్న కుళాయిలు) తెరిచి, ఇంజనుని చేత్తో ఒక చుట్టు తిప్పించండి. ఏ కాక్‌లోంచైనా నీళ్ళు చిమ్మితే ఆ హెడ్డో, లైనరు సీలో లీకు. నీళ్ళు అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఐదు నిమిషాల పనికి బద్ధకించి లక్షల ఖర్చు తెచ్చుకున్న చోట్లు ఉన్నాయి.

కొనేముందు పరీక్షలంటారా, రంగు చూడకండి, అమ్మేవాళ్ళు అందరూ రంగు వేస్తారు. బండి చల్లగా ఉండగా వెళ్ళండి, మీరు వచ్చేసరికి నడిపి ఉంచొద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజను లేచే తీరులోనే సగం జాతకం ఉంది. వేడెక్కాక డిప్‌స్టిక్ మీది ఆయిలు ఒక చుక్క ఫిల్టర్ పేపరు మీద వేసి కాసేపు ఆరనివ్వండి. నలుపు మెల్లగా బయటికి పాకి అంచులు పలచబడితే ఆయిలుకి ఇంకా ప్రాణం ఉన్నట్టు. మధ్యలో తారులా ముద్ద నిలిచి చుట్టూ పసుపు వలయం వస్తే చాలా కాలంగా మార్చలేదని అర్థం. ఇంకో చుక్క వేడి పెనం మీద వేయండి, చిటపటలాడితే నీళ్ళు కలిశాయి. ఒక సీసాలో నమూనా పట్టి ఆయిల్లో ఏ లోహం ఎంత కలిసిందో చెప్పే స్పెక్ట్రో పరీక్షకి ల్యాబ్‌కి పంపండి. రాగి, సీసం ఎక్కువైతే బేరింగులు, ఇనుము, క్రోమియం ఎక్కువైతే లైనర్లు, రింగులు. సోడియం కనిపిస్తే కూలింగ్ నీళ్ళు ఆయిల్లోకి వస్తున్నాయి.

తర్వాత ఇంజను ఆపించి టర్బో దగ్గర చెవి పెట్టండి. ఇంజను ఆగాక కూడా టర్బో సన్నగా ఈల వేస్తూ తిరగాలి, కనీసం నిమిషంన్నర. అరనిమిషంలో టక్కున ఆగితే దాని బేరింగులు అయిపోయాయి. చక్రాల వ్యాసం ఆరిటికీ కొలిపించండి, కొత్తది 1,092 మిల్లీమీటర్లు, మీకు ఎంత మిగిలిందో చూసుకుని ధర మాట్లాడండి. మోటార్లకి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి, ముఖ్యంగా వానలో ఏళ్ళ తరబడి నిలబడ్డ బండి అయితే.

నీళ్ళ సంగతి వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. మన దగ్గర బోరు నీళ్ళు ఎంత గట్టివో మీ ఇంట్లో గీజరు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్ళే రేడియేటర్లో పోస్తే హెడ్డు లోపలి దారుల్లో సున్నం గట్టిపడి, అక్కడ వేడి నిలిచి హెడ్డు చీలుతుంది. మీది పవర్ ప్లాంటు. బాయిలర్ కోసం లవణాలు తీసేసిన డీఎం నీళ్ళు తయారవుతూనే ఉంటాయి. రెండు డ్రమ్ములు ఇంజనుకి కేటాయించి, అందులో కూలెంట్ మందు కలిపి వాడండి. ఇంత సౌకర్యం ఉన్న ప్లాంటులో కూడా పక్క తోట గొట్టంతో రేడియేటర్ నింపడం చూశాను.

చివరగా ఒకటి అడగాలి. మీ సైడింగు ఇంజన్ ఆన్ లోడ్ పద్ధతిలో ఉందా? ఉంటే రైల్వే ఇంజనే రేకుతో పాటు ఆగుతుంది, సొంత బండి అవసరం బాగా తగ్గిపోతుంది. రోజుకి ఒక రేకే వచ్చి, విడి వ్యాగన్లు నాలుగైదు జరుపుకోవడమే మీ పని అయితే రోడ్డు మీదా పట్టా మీదా నడిచే చిన్న షంటర్ చాలు, దానికి ఇంత సిబ్బందీ అక్కర్లేదు. రోజుకి మూడు నాలుగు రేకులు, అవీ పూర్తిగా మీరే తిప్పాలంటే డబ్ల్యూడీఎస్-6ని మించిన మొండి బండి ఆ ధరలో దొరకదని నా అభిప్రాయం.

డ్రాయింగు దొరికాక ఎత్తు ఎంతో, వంపు ఎన్ని డిగ్రీలో రాయండి. ఫిల్టర్ పేపరు మీది ఆయిలు మరక ఆరాక వెలుతురులో ఫోటో తీసి దానితో పాటే పెట్టండి. ఆ రెండూ చూశాక ధర గురించి మాట్లాడుకుందాం.